ఆకుపచ్చ సిరా పొట్లాలు

"ఒక వెర్బ్ చెప్పండి."

"ఉప్పు, మేడమ్."

నరసన్నపేట మార్కెట్ వీధిలో, ఫ్యాన్సీ కొట్టు మేడ మీద, పొద్దున్న ఆరున్నరకు నడిచే స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో ధనరాజ్ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. పదకొండు మంది ఒక్కసారిగా నవ్వారు. కిటికీ మీద పావురం ఉలిక్కిపడి ఎగిరిపోయింది.

నవ్వని మనిషి ఒక్కరే. టీచర్ హేమ.

"ఉప్పు ఏం పని చేస్తుంది?" అని అడిగింది నెమ్మదిగా.

"కూరలో కరుగుతాది మేడమ్."

"ఆ కరగడమే వెర్బ్. దగ్గరకే వచ్చారు. కూర్చోండి."

ధనరాజ్ కూర్చున్నాడు. మెడ దాకా ఎక్కిన సిగ్గు మెల్లగా దిగింది. తప్పు చెప్పినవాడితో "దగ్గరకే వచ్చారు" అనే టీచర్ ఉంటుందని అతనికి ఇరవై ఏడేళ్ళ వరకూ తెలియదు.

అతను బీకాం చదివి, తండ్రి నగరేశ్వరరావు కిరాణా కొట్లో కాటా ముందు కూర్చుంటున్నాడు. రెండు నెలల కిందట ఒక సబ్బుల కంపెనీ ఆఫీసరు విశాఖపట్నం నుంచి వచ్చి, ఏజెన్సీ ఇస్తానంటూ ఇంగ్లీషులో ఏవేవో అడిగాడు. ధనరాజ్ అన్నిటికీ "యెస్ సార్" అన్నాడు. అందులో ఒకటి, "అయితే మీకు ఏజెన్సీ వద్దా?" అన్న ప్రశ్న. ఏజెన్సీ పక్క వీధికి వెళ్ళిపోయింది. ధనరాజ్ ఈ మేడ మెట్లెక్కాడు.

హేమది కోటబొమ్మాళి దగ్గర వరి పండించే ఇల్లు. శ్రీకాకుళంలో ఎంఏ చేసి, మామ్మ లక్ష్మీనరసమ్మను తోడు తెచ్చుకుని, ఇక్కడ రెండు గదులు అద్దెకు తీసుకుంది. ఆమె క్లాసుకు ఒకటే రూలు.

"గైడు పుస్తకంలో రాముడు మామిడిపండు తింటుంటాడు. ఆ రాముడు మీకు చుట్టమా? వద్దు. మీ ఇంట్లో, మీ కొట్లో నిజంగా జరిగిందే రాయండి. పొద్దున్నే అందరి ముందూ పైకి చదవండి. నేనూ అలాగే నా పుస్తకంలో రాసుకుంటాను. అబద్ధపు వాక్యం నోట్లో నిలవదు."

తప్పులు దిద్దేది ఆకుపచ్చ సిరాతో. ఎర్ర సిరా తిట్టినట్టు ఉంటుందట.

మొదటి వారం యాక్షన్ వెర్బ్స్. తినడం, నడవడం, తూయడం. ధనరాజ్ లేచి, "మై ఫాదర్ టైస్ ప్యాకెట్స్. మై మదర్ స్కోల్డ్స్ మై ఫాదర్," అని చదివాడు. అతని పక్కన కూర్చునే కూర్మయ్య రిటైరైన లైన్‌మన్. భార్య పోయాక మనవరాలి హోంవర్కు భారం ఆయన మీద పడి క్లాసులో చేరాడు. ఆయన లేచి, "మై గ్రాండ్ డాటర్ టీచెస్ మీ. షి బీట్స్ మీ ఆల్సో," అన్నాడు.

రెండో వారం హెల్పింగ్ వెర్బ్స్.

"ఇవి ఒంటరిగా పెద్దగా ఏమీ చేయవు. ఇంకో వెర్బుకు తోడుంటాయి. కెన్ అంటే చేతనవడం. మే అంటే అనుమతి. మస్ట్ అంటే తప్పదు."

"అర్థమయిపోయింది మేడమ్," అన్నాడు ధనరాజ్. "మే మా నాన్న. మస్ట్ మా అమ్మ."

హేమ ఈసారి నవ్వింది. బయట ఎండలోనే నాలుగు చినుకులు పడ్డాయి. ఆ రెండింటిలో ఏది ముందు మొదలైందో ధనరాజ్‌కు ఇప్పటికీ తేలలేదు.

మూడో వారం స్టేట్ వెర్బ్స్. నో, వాంట్, లైక్, నీడ్, లవ్.

"ఇవి చేతులతో చేసే పనులు కావు. లోపల ఉండే సంగతులు. నేను నడుస్తున్నాను అంటే ఐ యామ్ వాకింగ్. కానీ నాకు తెలుసు అనడానికి ఐ నో అంటే చాలు. ఐ యామ్ నోయింగ్ అనం."

ధనరాజ్ చెయ్యెత్తాడు. "మేడమ్, నేను బియ్యం తూస్తే వెయ్ అన్నది పని. మరి బస్తా యాభై కేజీలు తూగితే? అప్పుడూ వెయ్ అనే అంటాం. బస్తా ఏ పనీ సెయ్యట్లేదు కదా. ఊరికే ఉన్నాది."

హేమ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"ఎంఏలో కూడా నన్నెవరూ ఇది అడగలేదు," అంది. "ఒకే మాట. మీరు తూస్తే యాక్షన్. బస్తా తూగితే స్టేట్. కాటా దగ్గర కూర్చునే మనిషికే తట్టాలి ఇది." ఆ తర్వాత అవసరమైన దానికంటే రెండు క్షణాలు ఎక్కువ సేపు అతన్ని చూసింది. కూర్మయ్య అది గమనించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ రోజు హోంవర్కు పది స్టేట్ వెర్బ్స్. మర్నాడు ధనరాజ్ పేజీ ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీ. మూడో రోజు, అది బుధవారం, హేమ అతని బల్ల దగ్గరే ఆగిపోయింది.

"మీకు తెలిసింది ఏదీ లేదు, కావలసింది ఏదీ లేదు, ఇష్టమైంది ఏదీ లేదు. అంతేనా?"

"ఉన్నాది మేడమ్."

"మరి రాయరేం?"

"రాస్తే సదవాల కదా మేడమ్. పైకి."

క్లాసంతా గొల్లుమంది. హేమ పుస్తకం చప్పుడయ్యేలా మూసింది.

"సరే. నాకు బొబ్బిలిలో స్కూలు ఉద్యోగం వచ్చింది. శనివారం ఆఖరి క్లాసు. ఆదివారం వెళ్ళిపోతున్నాను. ఖాళీ పేజీలు నాకు చూపించక్కర్లేదు."

ధనరాజ్‌కు "ఆదివారం" వరకే వినపడింది. తర్వాత చెవుల్లో ఏదో ట్రాన్స్‌ఫార్మర్ పేలినట్టయింది.

గురువారం పొద్దున్న అతను క్లాసుకు వెళ్ళలేదు. ముసురు పట్టింది. కొట్లో కాటా ముందు కూర్చుని ఎవరేమడిగితే అది కడుతున్నాడు. ఊళ్ళో ప్లాస్టిక్ కవర్లు ఆపించాక మళ్ళీ కాగితం పొట్లాలు వచ్చాయి. పాత నోటుపుస్తకాలు తెచ్చినవాళ్ళ చేతిలో ధనరాజ్ తల్లి బుజ్జమ్మ ఒక బెల్లంముక్క పెడుతుంది. అది ఆ కొట్టు ఆచారం.

"బావూ, ధనియాలు పావుకేజీ," అంది ఒకావిడ.

చేతికందిన కాగితం లేదు. కాటా కింద ఒక నోటుపుస్తకం ఉంది. లాగాడు. పేజీ చింపబోయాడు.

ఆకుపచ్చ సిరా.

గుండ్రటి అక్షరాలు. పైన 'యాక్షన్ వెర్బ్స్' అని గీత కొట్టి ఉంది. దాని కింద మొదటి మాట తన పేరు.

'ధనరాజ్ వెయిస్ జాగరీ. హి యాడ్స్ ఎ లిటిల్ మోర్ ఫర్ ఓల్డ్ విమెన్. దెన్ హి హైడ్స్ హిస్ స్మైల్.'

బెల్లం తూస్తాడట. ముసలమ్మలకు కాస్త మొగ్గు వేస్తాడట. తర్వాత నవ్వు దాచుకుంటాడట. తను నవ్వు దాచుకుంటాడని తనకే తెలియదు.

చెయ్యి తనంతట తనే పేజీ తిప్పింది. 'స్టేట్ వెర్బ్స్.'

'ఐ నో హిస్ స్లిప్పర్స్ ఆన్ ద స్టెప్స్. ఐ లైక్ హిస్ క్వశ్చన్స్. ఐ వాంట్ హిస్ పేజ్ టు బి ఫుల్.'

మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు నాకు తెలుసు. అతని ప్రశ్నలు నాకిష్టం. అతని పేజీ నిండాలని నాకుంది.

ధనియాలు కాటా మీద, కౌంటరు మీద, నేల మీద, ఆవిడ పాదాల మీద పడ్డాయి.

"ఏటయిపోనాది బావూ! కళ్ళు తిరిగినాయా?"

ధనరాజ్ మరో పేజీ తిప్పాడు. లేదు. కుట్టు దగ్గర మూడు కాగితాల చింపుళ్ళు మాత్రం పళ్ళికిలించి ఉన్నాయి.

"నాన్నా!"

లోపల బస్తాలు సర్దుతున్న నగరేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు. "ఏటిరా? పామా?"

"ఈ పుస్తకంలో కాయితాలు ఎవరు సింపారు?"

"నేనే. పొద్దున్న పేపర్లు అయిపోయాయి. కాటా కింద కనబడింది, సింపాను. అయితే?"

"ఎవరెవరికి కట్టావు?"

నలభై ఏళ్ళుగా షావుకారు. ఎవరికి ఏమి కట్టాడో ఎన్నడూ మరచిపోడు. దేనిలో కట్టాడో ఎన్నడూ చూడలేదు.

"కూర్మయ్యకి జీలకర్ర. నూకయ్య హోటలుకి మిరియాలు. ఆ ముసలమ్మ, మీ టీచరు మామ్మ లేదూ, ఆవిడకి ఆవాలు. ఆ పుస్తకం తెచ్చిందీ ఆవిడే. బొబ్బిలి ఎల్లిపోతన్నారట, సామాన్లు సర్దుతూ పాతవి తెచ్చి మొన్న మీ అమ్మకిచ్చింది. ఏటిరా, అలా తెల్లబోయావ్?"

ధనరాజ్ అప్పటికే ఆ పుస్తకం బండి సంచిలో దాచి, బండి తీశాడు. ఆ కాగితాల్లో ఇంకా ఏముందో తెలియదు. కానీ ఆడపిల్ల, ఊరికి కొత్త, పాఠాలు చెప్పుకునే మనిషి. ఎవడైనా ఒకడు చదివి ఫోన్లో ఫొటో తీసి పంపితే చాలు, మధ్యాహ్నానికి ఆమె పేరును ఊరంతా పొట్లంలా విప్పుకుంటుంది. ఆదివారం ఆమె తలెత్తుకుని బస్సెక్కాలి. అంతే.

నూకయ్య హోటల్లో బజ్జీల మూకుడు సలసలమంటోంది.

"మిరియాల కాయితమా? దాన్నేటి సేసుకుంతావు? ఇదిగో, బజ్జీల కింద ఏసీసినాను."

పళ్ళెంలో కాగితం నూనెలో మునిగి, అద్దంలా మెరుస్తోంది. ఆకుపచ్చ సిరా చెరువులో నాచులా అలుక్కుపోయింది. ఒక్క మాట మాత్రం చెక్కుచెదరలేదు. 'మస్ట్'.

అమ్మ ఇక్కడా వదల్లేదు, అనుకున్నాడు ధనరాజ్. నూనెకు దండం పెట్టాలనిపించింది. బజ్జీలు నాలుగు కొని, కాగితంతో సహా పట్టుకుపోయాడు.

కూర్మయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి పట్టుకున్నాడు.

"రా బావూ. నీకోసమే సూస్తన్నాను. పచ్చ సిరా సూడగానే మడిసీసినాను. మొదటి రెండు లైన్లు కళ్ళల్లో పడిపోనాయి. నా తప్పు కాదు. అంత బాగా సదవడం నేర్పీసింది ఆ మేడమే."

"ఎవరికైనా సూపించావా తాతా?"

"మా మనవరాలికీ సూపనేదు." కూర్మయ్య వాన వైపు చూశాడు. "ఒరే, మా ఇంటిది ఉన్నన్నాళ్ళూ దానికి ఒక్క మాట సెప్పనేదు. మనసులో ఉన్నాది కదా, సాల్లే అనుకున్నాను. ముప్పై తొమ్మిదేళ్ళు అలాగే అనుకున్నాను. దానికి తెలిసే ఉంతాదని నా ఆశ. కానీ అడుగుదావంటే ఇప్పుడు మనిషి నేదు. ఎల్లు. బజ్జీ ఒకటిచ్చి ఎల్లు."

ధనరాజ్ కాగితం తీసుకున్నాడు. విప్పలేదు. వేళ్ళు ఎంత లాగినా విప్పలేదు. బండి సంచిలోంచి తన నోటుపుస్తకం తీసి, మూడు రోజులుగా ఖాళీగా ఉన్న ఆ పేజీ తెరిచాడు.

"తాతా, పెన్సిలుందా?"

మనవరాలి పెన్సిలు మొద్దుగా ఉంది. కూర్మయ్య కత్తిపీట మీద చెక్కి ఇచ్చాడు.

హేమ వాళ్ళ వంటింట్లో అదే సమయానికి మరో పొట్లం విప్పుకుంది. పోపుల పెట్టెలోకి ఆవాలు ఒంపబోయిన హేమ కాగితం చూసింది. ఆవాలు పెట్టెలోకి వెళ్ళలేదు.

"ఏటే పిల్లా, లచ్చిందేవిని నేలపాలు సేసీసినావు!" లక్ష్మీనరసమ్మ మనవరాలి మొహం చూసి ఆగింది. "ఏటయినాది? ఎవులైనా పోనారా?"

"మామ్మా! అట్ట మీద గీతలున్న పుస్తకం షావుకారు కొట్లో ఇచ్చావా?"

"పాతదే కదే! అన్ని పేజీలూ రాసీసున్నాయి. రాసీసిన పుస్తకం ఇంకెందుకు?"

హేమ గోడకు ఆనుకుపోయింది. అప్పుడే వాకిట్లో బండి ఆగింది. వానకు తడిసి ముద్దయిన ధనరాజ్, ఒక చేతిలో నూనె కాగితం, ఇంకో చేతిలో తన నోటుపుస్తకం.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దెయ్యాన్ని చూసినా అంత నిర్ఘాంతపోరు.

"ఎన్ని?" అంది హేమ చివరికి.

"మూడు కాయితాలు మేడమ్. ఒకటి నూకయ్య నూనెలో మునిగిపోయింది, ఇదిగో. ఒకటి కూర్మయ్య తాత మడిచి దాచాడు, ఇదిగో. మూడోది మీ చేతిలో ఉన్నాది."

"చదివారా?"

"పుస్తకం బండి సంచిలో ఉన్నాది. అందులో రెండు పేజీలు సదివాను. పొట్లం కట్టబోతే నా పేరు కనబడింది. ఆగలేకపోయాను. ఈ మడతది విప్పలేదు."

హేమ మడత చూసింది. కూర్మయ్య నొక్కిన గీత నొక్కినట్టే ఉంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నిజమే రాయాలని రూలు పెట్టింది నేనే. నా పుస్తకం ఎవరు చూస్తారులే అనుకున్నాను. ధనరాజ్ గారూ, నేను శనివారం దాకా ఆగను. ఈరోజే వెళ్ళిపోతాను."

"హోంవర్కు తెచ్చాను మేడమ్."

"ఏంటి?"

"స్టేట్ వెర్బ్స్. మూడు రోజులు లేటు."

 ధనరాజ్ పుస్తకం తెరిచాడు. రూలు ప్రకారం పైకి చదవాలి. మామ్మ పీట లాక్కుని కూర్చుంది.

"ఐ నో ద సౌండ్ ఆఫ్ యువర్ చాక్." తడిసిన కాగితం సరిచేసుకున్నాడు. "ఐ లైక్ గ్రీన్ ఇంక్. ఐ వాంట్ యూ టు గో టు బొబ్బిలి."

"వెళ్ళమనా!" హేమకు ఆ రోజు తగిలిన దెబ్బల్లో ఇదే గట్టిది.

"ఇంకా ఉన్నాది మేడమ్." అతను పేజీ మీంచి తల ఎత్తలేదు. "బికాస్ యూ వాంట్ దట్ జాబ్. ఐ విల్ కమ్ బై బస్. ఎవ్రీ సండే. ఐ లవ్ యూ."

వాన ఒక్కసారి పెద్దదయింది. హేమ అలవాటుగా ఆకుపచ్చ పెన్ను తీసింది. మొదటి లైను నుంచి చివరి లైను దాకా వెతికింది. దిద్దడానికి ఏమీ దొరకలేదు.

"చేతిరాత అస్సలు బాగోలేదు," అంది ఏడుస్తూ, నవ్వుతూ.

"ఆఖరి మూడు మాటలూ నాకూ తెలుసు," అంది లక్ష్మీనరసమ్మ. "టీవీలో రోజూ అంతారు. ఒరే బావూ, ఇంగిలీసు తరవాత. మీరు షావుకారోళ్ళు, సేపలు ముట్టరు. దీనికి నెత్తళ్ళ కూర నేకపోతే ముద్ద దిగదు. దానికేటి సేస్తావు?"

ధనరాజ్ నోరు తెరిచాడు. ఈ ప్రశ్నకు యాక్షన్ వెర్బూ లేదు, స్టేట్ వెర్బూ లేదు.

"మీ ఇంట్లో తిని, నోరు కడుక్కుని, మా ఇంటికొచ్చి పెరుగన్నం తింటాది. ఏటి నష్టం?"

ఆ మాట గుమ్మం నుంచి వచ్చింది. గొడుగు ముడుస్తూ బుజ్జమ్మ. వెనక ఆయాసపడుతూ నగరేశ్వరరావు. మిట్టమధ్యాహ్నం కొట్టు మూసి ఇద్దరూ కలిసి రావడం నరసన్నపేట ఎన్నడూ చూడలేదు.

"అమ్మా! నీకెలా తెలుసు?"

"మంగళవారం నుంచి నువ్వు సదవాలని ఆ పుస్తకం కాటా కింద పెట్టి సూస్తన్నాను. ఒరే, నీ ముక్కు కింద పెట్టినా నీకు కనబడదే! నువ్వు పేపర్లు వెతుక్కుంటావు. చివరికి మీ నాన్న సింపీసేరు."

అందరూ కొయ్యబారిపోయారు. అందరికంటే ఎక్కువ నగరేశ్వరరావు.

"నీకు ఇంగ్లీషొచ్చా!"

"విజయనగరంలో ఇంటర్ సదివాను. ఇంగ్లీషులో అరవై రెండు మార్కులు. పెళ్ళై ముప్పై ఏళ్ళయింది, మీరెప్పుడైనా అడిగారా? ఈ కొట్లో నేను కట్టిన ప్రతి పొట్లం సదివే కట్టాను."

ముప్పై ఏళ్ళ పొట్లాలు గుర్తు చేసుకుంటూ నగరేశ్వరరావు గడప మీద కూలబడ్డాడు.

బుజ్జమ్మ హేమ దగ్గరకు వెళ్ళింది. గొంతు తగ్గించింది. "ఇంకొకరి పుస్తకం సదవడం తప్పేనమ్మా. మొదటి పేజీలోనే మూసీయాల. మూసీలేకపోయాను. నా కొడుకు గురించి అంత మంచిగా ఎవరూ రాయలేదు." కొంగుతో హేమ చెంప తుడిచింది. "బొబ్బిలి ఎల్లు. ఉద్యోగం సేసుకో. పెళ్ళి మాట మీ పెద్దోళ్ళతో మేమొచ్చి మాటాడతాం. మస్ట్."

ధనరాజ్, హేమ ఒక్కసారే ఉలిక్కిపడ్డారు.

"క్లాసులో నా మీద జోకులేసిన సంగతీ తెలుసులే," అంది బుజ్జమ్మ. "కూర్మయ్య మన ఖాతాదారు."

హేమ ఆదివారం బొబ్బిలి బస్సెక్కింది, తలెత్తుకునే. కోటబొమ్మాళిలో పెద్దలు రెండు నెలలు బిగుసుకున్నారు. బుజ్జమ్మ నాలుగుసార్లు వెళ్ళింది, నాలుగోసారి ఒప్పుకున్నారు. అన్ని ఆదివారాలూ ధనరాజ్ బొబ్బిలి బస్సులో ఉన్నాడు, వారం వారం నిండిన ఒక పేజీతో. మూడో కాగితంలో ఏముందని ఎన్నిసార్లడిగినా హేమ చెప్పలేదు. పెళ్ళయ్యాక పోపుల పెట్టెలో ఆవాల కింద పరిచి ఉందది. ఆవాలు నిండుకున్న రోజున చదువుకోవచ్చంది. బుజ్జమ్మ ఆ అర ఎప్పుడూ నిండుకోనివ్వలేదు.

నగరేశ్వరరావు మాత్రం మారిపోయాడు. ఇప్పుడు ఎవరు చింతపండు అడిగినా, పాత పుస్తకంలో కాగితం చింపబోయి ఆగి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాడు. లోపలికి కేక వేస్తాడు.

"బుజ్జమ్మా! ఇది పొట్లానికేనా, లేకపోతే ఎవరిదైనా సంబంధమా?"